బ్రాండ్ లేని యూఎస్‌బీ టీవీ ట్యూనర్: ఏళ్ల వాడకం తర్వాత, ఫర్మ్‌వేర్ సంగతులతో సహా

దక్షిణ లండన్‌లో మా ఇంట్లో టీవీ మొత్తం ఒక పేరూ ఊరూ లేని యూఎస్‌బీ స్టిక్ మీద నడుస్తోంది. కప్పు మీద పాత యాంటెన్నా, దాని కేబుల్ చివర ఈ స్టిక్, స్టిక్ రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డుకి, ఆ బోర్డు మీద టీవీహెడ్‌ఎండ్ అనే టీవీ సర్వర్ ప్రోగ్రాం. హాల్లో టీవీ, పిల్లల ట్యాబ్, వంటింట్లో పాత ల్యాప్‌టాప్, అన్నీ ఇంటి వైఫై మీద దాన్నుంచే ఛానెళ్లు అందుకుంటాయి. రికార్డింగులు కూడా అక్కడే. స్టిక్ ఖరీదు ఒక పూట బయట తినే ఖర్చుకి మించదు. కొన్న కొత్తలో కాకుండా, ఇన్నేళ్లు వాడి, మధ్యలో రెండో స్టిక్ కూడా కొని, లినక్స్ కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) అప్‌డేట్లన్నీ దాటించాక రాస్తున్నాను.

ముందే తేల్చేస్తాను: వస్తువు మంచిది, వాడుకోవచ్చు. కానీ అట్టపెట్టె మీద రాసిన పేరు, దాంతో పాటు వచ్చే బుల్లి సీడీ, అమ్మినవాడు పంపే డ్రైవర్ లింకు, ఈ మూడింటినీ పక్కన పెట్టేయండి. దీనికి ఏ ఫర్మ్‌వేర్ (చిప్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాం) కావాలో మీ లినక్స్ కెర్నలే ఫైల్ పేరుతో సహా చెబుతుంది. అది చెప్పిన ఫైల్ ఒక్కటి తెచ్చి సరైన చోట పెడితే చాలు. తక్కిన హంగామా ఏదీ అక్కర్లేదు.

నా దగ్గరున్నది యూఎస్‌బీ ఐడీ (స్టిక్ కంప్యూటర్‌కి చెప్పుకునే గుర్తింపు నంబర్) 15ఎఫ్4:0131 ఉన్న రకం. ఆస్ట్రోమెటా అనే పేరుతో కెర్నల్ దీన్ని గుర్తుపడుతుంది, కానీ బజారులో అది రకరకాల పేర్లతో, చాలాసార్లు ఏ పేరూ లేకుండా దొరుకుతుంది. ప్లాస్టిక్ డొక్క గోటితో ఊడదీస్తే లోపల మూడు చిప్‌లు కనిపిస్తాయి. యూఎస్‌బీ వైపు రియల్‌టెక్ వాళ్ల ఆర్‌టీఎల్2832పీ. యాంటెన్నా వైపు ఆర్828డీ ట్యూనర్. మధ్యలో పానసోనిక్ వాళ్ల ఎంఎన్88473 డీమాడ్యులేటర్, అంటే అందిన సిగ్నల్‌లోంచి టీవీ డేటాని బయటికి తీసేది. ఈ మూడో చిప్‌కే ఫర్మ్‌వేర్ కావాలి. మొదటి రెండింటికీ అక్కర్లేదు. మొత్తం గందరగోళమంతా ఇక్కడే పుడుతుంది.

ఎలాగంటే, రియల్‌టెక్ చిప్‌లో దానికంటూ ఒక డీవీబీ-టీ (యాంటెన్నాకి అందే డిజిటల్ టీవీ పద్ధతి) డీమాడ్యులేటర్ ఉంది. పానసోనిక్ చిప్ డీవీబీ-టీ, దాని కొత్త తరం డీవీబీ-టీ2, కేబుల్‌కి వాడే డీవీబీ-సీ మూడూ చూస్తుంది. అందుకని ఒక్క స్టిక్ పెడితే సిస్టమ్‌లో రెండు ఫ్రంటెండ్‌లు, అంటే ఛానెల్ పట్టే రెండు దారులు, కనిపిస్తాయి. బ్రిటన్‌లో ఫ్రీవ్యూ అనే ఉచిత టీవీ ప్రసారాల్లో మామూలు ఛానెళ్లు డీవీబీ-టీలో వస్తాయి, హెచ్‌డీ ఛానెళ్లు డీవీబీ-టీ2లో వస్తాయి. ఫర్మ్‌వేర్ ఫైల్ లేకపోతే పానసోనిక్ చిప్ లేవదు, రియల్‌టెక్ చిప్ మాత్రం దర్జాగా పని చేస్తుంది. స్కాన్ చేస్తే బీబీసీ వన్ వస్తుంది, ఐటీవీ వస్తుంది, పిల్లల సీబీబీస్ వస్తుంది. 101వ నంబర్ నుంచి ఉండాల్సిన హెచ్‌డీ ఛానెళ్లు మాత్రం ఒక్కటీ ఉండవు. ఎవరికైనా ఏమనిపిస్తుంది? యాంటెన్నా బలం చాలలేదనిపిస్తుంది. హెచ్‌డీ మల్టిప్లెక్స్ (ఒకే ఫ్రీక్వెన్సీ మీద వచ్చే ఛానెళ్ల మూట) 256 క్వామ్ అనే, డేటాని ఒత్తుగా నింపే పద్ధతిలో వస్తుంది కాబట్టి దానికి సిగ్నల్ కాస్త శుభ్రంగా ఉండాలన్నది నిజమే, దాంతో అనుమానం ఇంకా గట్టిపడుతుంది. తెలిసినవాళ్లింట్లో ఇదే కారణానికి యాంప్లిఫయర్ కొన్నారు, కేబుల్ మార్చారు, చివరికి స్టిక్ నకిలీదని పారేయబోయారు. లోపం అల్లా కొన్ని కిలోబైట్ల ఫైల్ ఒకటి లేకపోవడం.

కాబట్టి మామూలు ఛానెళ్లన్నీ వచ్చి హెచ్‌డీ ఒక్కటీ రాకపోతే నిచ్చెన ఎక్కకండి. ముందు కెర్నల్ లాగ్ (అది రాసుకునే చిట్టా) చూడండి.

లాగ్ చూడటంలో ఒక కిటుకుంది. చాలామంది స్టిక్ గుచ్చగానే డీమెసేజ్ కమాండ్ కొట్టి, ఎర్ర గీత ఏదీ కనబడక, అంతా సవ్యంగా ఉందనుకుంటారు. ఈ రకం చిప్‌లలో ఫర్మ్‌వేర్ గుచ్చినప్పుడు లోడ్ కాదు. ఏదో ఒక ప్రోగ్రాం ఆ ఫ్రంటెండ్‌ని తెరిచినప్పుడు, అంటే మీరు స్కాన్ మొదలుపెట్టినప్పుడో ఛానెల్ పెట్టినప్పుడో, డ్రైవర్ ఆ ఫైల్ కోసం వెతుకుతుంది. అందుకని ఒక టెర్మినల్‌లో లాగ్ పారుతూ ఉండగా ఇంకో టెర్మినల్‌లో డీవీబీవీ5-స్కాన్ అనే ఛానెళ్లు వెతికే ప్రోగ్రాంని రెండో ఫ్రంటెండ్ మీద నడపండి. అప్పుడు బయటపడుతుంది: డీవీబీ-డీమాడ్-ఎంఎన్88473-01.ఎఫ్‌డబ్ల్యూ అనే ఫైల్ నేరుగా లోడ్ చేయబోతే ఎర్రర్ మైనస్ 2 వచ్చింది, ఆ ఫైల్ దొరకలేదు అని. మైనస్ 2 అంటే లినక్స్ భాషలో ఆ పేరుతో ఫైలే లేదని. చిప్ పాడైందని కాదు, స్టిక్ నకిలీదని కాదు. ఆ లైన్‌లో ఉన్న పేరే మీకు కావాల్సిన పేరు. చేత్తో రాసుకోకుండా అక్కడి నుంచే కాపీ చేసుకోండి, ఎందుకంటే 88472 అని ఒక తోబుట్టువు చిప్ ఉంది, దాని ఫైల్ చివర 02 ఉంటుంది. ఒకదానికి ఒకటి పనికిరాదు.

ఫైల్ తెచ్చుకునే చోటు గురించి. కొన్ని చిప్‌ల ఫర్మ్‌వేర్‌ని తయారీదారులు పంచుకోవడానికి అనుమతిచ్చారు. డిబ్‌కామ్ 0700, ఐటీఈ 9135 లాంటివి లినక్స్-ఫర్మ్‌వేర్ అనే అధికారిక మూటలోనే ఉంటాయి. డెబియన్ లినక్స్‌లో అయితే నాన్-ఫ్రీ విభాగం ఆన్ చేసి ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసుకుంటే వచ్చేస్తాయి. డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్‌కంటూ విడిగా ఒక విభాగమే పెట్టారు. సిలికాన్ ల్యాబ్స్ ఎస్ఐ2168 లాంటి ఎక్కువగా వాడే చిప్‌లకు ఈ సౌకర్యం లేదు. ఇలాంటి వాటికి, టీవీ పెట్టెల కోసమే చేసిన లిబ్రెఎలెక్ అనే లినక్స్ వాళ్లు గిట్‌హబ్ అనే కోడ్ పంచుకునే సైట్‌లో నడిపే డీవీబీ-ఫర్మ్‌వేర్ రెపాజిటరీ నా మొదటి మజిలీ. ఇన్నేళ్లలో అక్కడ దొరకని ఫైల్ కోసం నేను వేరే చోటికి వెళ్లాల్సిన అవసరం పడలేదు. లిబ్రెఎలెక్ వాడేవాళ్లకైతే అవన్నీ సిస్టమ్‌లోనే వచ్చేస్తాయి.

ఇంకో దారి కూడా ఉంది, పాతవాళ్లకు తెలుసు. కెర్నల్ సోర్సుతో పాటు గెట్-డీవీబీ-ఫర్మ్‌వేర్ అనే పెర్ల్ స్క్రిప్ట్ వస్తుంది. అది తయారీదారుల విండోస్ డ్రైవర్‌ని దించుకుని, అందులోంచి ఫర్మ్‌వేర్ భాగాన్ని కోసి ఇస్తుంది. ఆ డ్రైవర్ ఫైళ్లు ఉన్న సైట్లు మూతపడితే స్క్రిప్ట్ చేతులెత్తేస్తుంది, కాబట్టి ఇప్పుడు దీన్ని మొదటి దారిగా చెప్పను. కానీ ఒకప్పుడు ఇదే దిక్కు. 2010 ప్రాంతంలో హైదరాబాద్‌లో ఉన్నప్పుడు ఈఎం28ఎక్స్ఎక్స్ చిప్ ఉన్న అనలాగ్ స్టిక్ ఒకటి వాడాను, గోడలోంచి వచ్చే కేబుల్ వైరు నేరుగా దానికే. అందులో ఎక్సీవ్ కంపెనీ ఎక్స్‌సీ3028 ట్యూనర్. దానికి ఎక్స్‌సీ3028-వీ27 ఫైల్ కావాలి, అది హాపాగ్ కంపెనీ విండోస్ డ్రైవర్ కడుపులో ఉండేది. కోసి తీయడానికి ఒక చిన్న స్క్రిప్ట్, అది కోసే ముందు డ్రైవర్ ఫైల్ ఎండీ5 (ఫైల్‌కి వేలిముద్ర లాంటి నంబర్) సరిచూసుకునేది. ఒక్క బైట్ తేడా ఉన్నా ఆగిపోయేది. పైగా ఆ స్టిక్‌కి సొంత యూఎస్‌బీ ఐడీ కూడా ఉండేది కాదు. మీ బోర్డుకి ప్రత్యేక ఐడీ లేదు, కార్డ్ నంబర్ మీరే చెప్పండి అని కెర్నల్ ఒక పెద్ద జాబితా చూపించేది. ఆ రోజులతో పోలిస్తే ఇప్పటి పని చాలా తేలిక.

ఫైల్ దించుకునేటప్పుడు ఒక జాగ్రత్త. గిట్‌హబ్‌లో ఫైల్ పేరు మీద కుడి క్లిక్ చేసి సేవ్ చేస్తే ఫర్మ్‌వేర్ రాదు, దాన్ని చూపించే వెబ్ పేజీ వస్తుంది. పేరు మాత్రం సరిగ్గానే ఉంటుంది. కెర్నల్‌కి ఆ పేరుతో ఫైల్ దొరుకుతుంది కాబట్టి మైనస్ 2 పోతుంది, అయినా ఛానెల్ రాదు, ఇక్కడ మనిషికి పిచ్చెక్కుతుంది. టెర్మినల్‌లో ఫైల్ అనే కమాండ్‌కి దాన్ని ఇచ్చి చూడండి. డేటా అని చెబితే సరే. హెచ్‌టీఎంఎల్ డాక్యుమెంట్ అని చెబితే తీసేసి, రా అనే బటన్ నొక్కి మళ్లీ దించుకోండి.

పెట్టాల్సిన చోటు లిబ్ ఫోల్డర్‌లోని ఫర్మ్‌వేర్ ఫోల్డర్. రూట్ అనుమతితో కాపీ చేయాలి, అందరూ చదవగలిగేలా ఉండాలి. లిబ్రెఎలెక్‌లో సిస్టమ్ భాగం రాయడానికి వీల్లేకుండా ఉంటుంది, అక్కడ స్టోరేజ్ కింద డాట్ కాన్ఫిగ్‌లో ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో వేసి రీస్టార్ట్ చేయాలి. కొన్ని కొత్త లినక్స్ డిస్ట్రోల్లో ఆ ఫోల్డర్ నిండా ఎక్స్‌జెడ్ అనో జెడ్‌ఎస్‌టీ అనో చివర తగిలించిన కుదించిన ఫైళ్లు కనిపిస్తాయి. కంగారు పడి మీ ఫైల్‌ని కూడా కుదించనక్కర్లేదు, మామూలు ఫైల్ పక్కన పెట్టినా కెర్నల్ తీసుకుంటుంది. ఆ తర్వాత స్టిక్ ఊడదీసి మళ్లీ గుచ్చి, స్కాన్ మొదలుపెట్టండి. ఈసారి లాగ్‌లో అదే ఫైల్ పేరుతో, దాన్ని దించుతున్నట్టు లైన్ వస్తుంది. మొదటిసారి మా ఇంట్లో ఆ లైన్ వచ్చాక, స్కాన్ 30వ ఛానెల్ దగ్గర, అంటే 546 మెగాహెర్ట్జ్ దగ్గర, క్రిస్టల్ ప్యాలెస్ టవర్ నుంచి వచ్చే హెచ్‌డీ మల్టిప్లెక్స్‌ని పట్టుకుంది. ఐదారు సెకన్లలో ఛానెళ్ల పేర్లు వరుసగా దిగాయి. ఆ వేసవి వింబుల్డన్ అంతా హెచ్‌డీలో చూశాం.

ఇన్‌స్టాల్ అనే మాట విని భయపడేవాళ్ల కోసం ఒక సంగతి. ఇది ఫోన్‌లో సిస్టమ్‌ని చెరిపి కొత్తది ఫ్లాష్ చేయడం లాంటిది కాదు. ఫైల్ మీ కంప్యూటర్‌లోనే ఉంటుంది. డ్రైవర్ దాన్ని చిప్ ర్యామ్‌లోకి పంపుతుంది, కరెంటు పోగానే అది చెరిగిపోతుంది, మళ్లీ వాడినప్పుడు మళ్లీ పంపుతుంది. తప్పు ఫైల్ పెట్టినంత మాత్రాన స్టిక్ చచ్చిపోదు, ఊడదీసి గుచ్చితే మొదటికి వస్తుంది. అందుకే ధైర్యంగా ప్రయత్నించండి. భయపడాల్సింది సీడీలోని సెటప్ ఫైళ్ల గురించి, డ్రైవర్ ప్యాక్ అంటూ సైట్లు అంటగట్టే ఇన్‌స్టాలర్ల గురించి. ఫర్మ్‌వేర్ ఫైల్ నడిచేది స్టిక్ చిప్‌లో, ఆ సెటప్ ఫైల్ నడిచేది మీ కంప్యూటర్‌లో, మీ పాస్‌వర్డులు ఉన్నచోట.

ఇక రెండో స్టిక్ కథ. ఒకేసారి రెండు మల్టిప్లెక్స్‌లు రికార్డ్ చేసుకోవాలని, అదే ఫొటో, అదే వివరణ ఉన్న స్టిక్ ఇంకోటి కొన్నాను. డొక్క అదే, రిమోట్ అదే, యూఎస్‌బీ ఐడీ కూడా అదే 15ఎఫ్4:0131. లాగ్ చూస్తే ఎంఎన్88473 పేరే లేదు. లోపల సోనీ సీఎక్స్‌డీ2837ఈఆర్ ఉంది. దానికి ఏ ఫర్మ్‌వేరూ అక్కర్లేదు, పెట్టగానే హెచ్‌డీతో సహా అంతా పాడింది. రియల్‌టెక్ డ్రైవర్‌లో ఎంఎన్88472, ఎంఎన్88473, ఈ సోనీ చిప్, సిలికాన్ ల్యాబ్స్ చిప్, ఈ నాలుగు రకాలనూ పసిగట్టే కోడ్ రాసి ఉంది. అందుకే ఐడీ నంబర్ వెతికి, ఎవరో ఎక్కడో చెప్పిన ఫైల్ తెచ్చుకోవద్దంటున్నాను. వాళ్ల స్టిక్, మీ స్టిక్ కవలల్లా కనిపిస్తూ లోపల వేరే కావచ్చు. మీ లాగ్‌దే తుది మాట.

అలాంటి కోడ్ ఉండటం వెనక మనుషులున్నారు. ఎంఎన్88473, ఎస్ఐ2168 డ్రైవర్లు రాసినవాడు ఫిన్లండ్‌కి చెందిన అంటి పాలొసారి. ఇవే రియల్‌టెక్ స్టిక్‌లు టీవీకే కాక రేడియో తరంగాలన్నిటికీ పనికొస్తాయని 2012లో బయటపెట్టినవాళ్లలో ఆయన ఒకడు, ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ అనే ఉద్యమమంతా అక్కడ మొదలైంది. చిప్ అమ్మిన కంపెనీలు ఇంత చిన్న ఫైల్‌ని పంచుకోవచ్చని ఒక వాక్యం రాసిస్తే, ఇంత వ్యాసం రాసే పనే ఉండదు. డబ్బిచ్చి కొన్న వస్తువు పని చేయడానికి కావాల్సిన ఫైల్‌ని కొన్నవాడు వెతుక్కోవాల్సి రావడం అన్యాయం. ఆ అన్యాయాన్ని ఎవరో పరాయివాళ్లు తమ సాయంత్రాలు ఖర్చుపెట్టి సరిదిద్దుతున్నారు. వాళ్లంటే నాకు గౌరవం.

ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ మాట వచ్చింది కాబట్టి: విమానాల సిగ్నళ్లు పట్టడానికో ఇంకో సరదాకో మీరు ఆ ప్యాకేజీని ముందే వేసుకుని ఉంటే, అది టీవీ డ్రైవర్‌ని బ్లాక్‌లిస్ట్ చేసి, అంటే లోడ్ కాకుండా ఆపి, ఉండొచ్చు. అప్పుడు స్టిక్ యూఎస్‌బీ జాబితాలో కనిపిస్తుంది, డీవీబీ అడాప్టర్‌గా మాత్రం రాదు. మోడ్‌ప్రోబ్ ఫోల్డర్‌లో ఆ బ్లాక్‌లిస్ట్ ఫైల్ ఉందేమో చూసి తీసేయండి. ఇది ఫర్మ్‌వేర్ సమస్య కాదు, కానీ అలాగే అనిపిస్తుంది.

టీవీహెడ్‌ఎండ్‌లో ఒక సెట్టింగ్ మార్చకపోతే మళ్లీ తలనొప్పి. అందులో ఒకే స్టిక్ కింద రియల్‌టెక్ ఒకటి, పానసోనిక్ ఒకటి, రెండు ఫ్రంటెండ్‌లు కనిపిస్తాయి. రెండిటికీ వెనక ట్యూనర్ ఒక్కటే, కాబట్టి ఒకేసారి రెండూ నడవవు. రెండూ ఆన్ చేసి ఉంచితే రికార్డింగ్ మధ్యలో ఛానెల్ మార్చినప్పుడు ఒకటి ఇంకోదాని కాళ్లు లాగుతుంది. రియల్‌టెక్‌ని ఆఫ్ చేసి పానసోనిక్‌నే ఉంచండి, మామూలు ఛానెళ్లు, హెచ్‌డీ రెండూ దాంట్లోనే వస్తాయి.

దీర్ఘకాలపు వాడకం ఎలా ఉందంటే, స్టిక్ వేడెక్కుతుంది. రాస్ప్‌బెర్రీ పై బోర్డుకి నేరుగా గుచ్చితే పక్క పోర్టుని కూడా కమ్మేస్తుంది. చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరుతో గాలి తగిలేలా బయటికి తీశాను, సొంత అడాప్టర్ ఉన్న హబ్ పెట్టాను, అప్పట్నుంచి మధ్యలో మాయమవడం మానేసింది. పెట్టెలో వచ్చిన జానెడు యాంటెన్నా లండన్‌లో కూడా దండగ. కప్పు మీది యాంటెన్నా కేబుల్‌ని స్టిక్ బుల్లి సాకెట్‌కి కలపడానికి ఎంసీఎక్స్ అడాప్టర్ వైరు ఒకటి కావాలి. ఆ వైరు దగ్గర వదులుంటే బొమ్మ గడులు గడులుగా విరుగుతుంది, ముందు అక్కడ నొక్కి చూడండి. రాస్ప్‌బెర్రీ పై 3లో ఈథర్‌నెట్, యూఎస్‌బీ ఒకే దారి పంచుకుంటాయి, టీవీహెడ్‌ఎండ్‌లో కంటిన్యుటీ ఎర్రర్లు (డేటా మధ్యలో తెగిందనే లెక్క) అప్పుడప్పుడూ పడేవి. పై 4కి మారాక దాదాపు పోయాయి. మామూలు ఛానెళ్లు ఎంపెగ్-2లో వస్తాయి, పాత పై బోర్డుల్లో దాన్ని హార్డ్‌వేర్‌తో ఆడించాలంటే విడిగా లైసెన్స్ కీ కొనాలి. పై 4కి ఆ గొడవ లేదు, ప్రాసెసరే చూసుకుంటుంది. రిమోట్ మీద ఆశ పెట్టుకోవద్దు. కెర్నల్‌లో దాని కీమ్యాప్ ఉంది, పని చేస్తుంది, కానీ బటన్ల నాణ్యత నాసిరకం.

కెర్నల్ అప్‌డేట్ల వల్ల ఫర్మ్‌వేర్ ఫైల్ పోలేదు. సిస్టమ్ మొత్తం కొత్తగా వేసినప్పుడే పోతుంది, అందుకని ఆ ఫైల్‌ని రెండు స్టిక్‌ల లాగ్ ప్రతులతో సహా బ్యాకప్‌లో ఉంచాను. ఎవరైనా మీడియా-బిల్డ్ (టీవీ డ్రైవర్లని విడిగా కట్టుకునే మూట) కంపైల్ చేసుకోమంటే, మీ చిప్ డ్రైవర్ కెర్నల్‌లో లేదని తేలితే తప్ప ఆ దారిన పోవద్దు. కెర్నల్ మారిన ప్రతిసారీ మళ్లీ కట్టుకోవాల్సి వస్తుంది. బ్రిటన్‌లో ఏ పెట్టెతో చూసినా లైవ్ టీవీకి టీవీ లైసెన్స్ కట్టాల్సిందే, అది వేరే చెప్పక్కర్లేదు.

ఎవరికి సిఫార్సు చేస్తాను? టెర్మినల్ అంటే జంకు లేనివాళ్లకి, కళ్లు మూసుకుని. పెద్దవాళ్ల ఇంట్లో పెట్టి వదిలేయాలంటే మాత్రం మామూలు ఫ్రీవ్యూ బాక్స్ కొనివ్వండి.

ఊరికి వెళ్తూ ఇలాంటి స్టిక్ తీసుకెళ్లనా అని ఇక్కడి తెలుగువాళ్లు చాలామంది అడుగుతుంటారు. వద్దు. దూరదర్శన్ 2016లో డీవీబీ-టీ2 ప్రసారాలు మొదలుపెట్టిన 16 నగరాల్లో చెన్నై, బెంగళూరు ఉన్నాయి, హైదరాబాద్, విజయవాడ, విశాఖ లేవు. 2013లో హైదరాబాద్, విశాఖల్లో కేబుల్‌కి సెట్‌టాప్ బాక్స్ తప్పనిసరి అయ్యాక నా పాత అనలాగ్ స్టిక్ పని కూడా అయిపోయింది. ఇప్పటి స్టిక్‌కి డీవీబీ-సీ వచ్చినా, కేబుల్ ఆపరేటర్ సిగ్నల్‌కి తాళం వేసి పంపుతాడు, అది తీసే కార్డ్ పెట్టే చోటు ఇందులో లేదు. అక్కడ ఇలాంటి పని చేయాలనుకుంటే డీడీ ఫ్రీ డిష్ వైపు వెళ్లండి. తాళం లేని ఛానెళ్లు 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 నుంచి దిగుతాయి. వాటికి కావాల్సింది ఉపగ్రహ ప్రసారాలు పట్టే డీవీబీ-ఎస్2 ట్యూనర్, ఒక చిన్న డిష్. ఆ ట్యూనర్‌కి ఏ ఫర్మ్‌వేర్ కావాలో కనుక్కునే పద్ధతి మాత్రం ఇదే: గుచ్చండి, స్కాన్ నడపండి, లాగ్‌లో ఫైల్ పేరు చూడండి.